పేరుకే స్టేబుల్: ఐదు సర్వర్లకి బ్రాంచ్ వెతుక్కున్న డైరీ

జూలై 1, 2024, సోమవారం

సాయంత్రం టీ తాగొచ్చి కుర్చీలో కూర్చున్నానో లేదో ఫోన్ మోగడం మొదలైంది, దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో పెద్ద బొక్క బయటపడిందంట, లాగిన్ కాకుండానే బయటివాడు రూట్, అంటే మెషీన్ మొత్తానికి యజమాని, అయిపోయే ఛాన్స్ ఉందంట. నంబరు సీవీఈ-2024-6387. దీన్ని పట్టుకున్న క్వాలిస్ వాళ్ళు రిగ్రెషన్ అన్న మాట మధ్యలో ఎస్‌ఎస్‌హెచ్ ఇరికించి పేరు కూడా పెట్టేశారు. 2006లో ఒకసారి మూసేసిన బొక్కే ఇది, 2020లో కోడ్ సర్దుతుంటే మళ్ళీ తెరుచుకుంది, అందుకని ఆ పేరు.

మావి ఐదు సర్వర్లు, అన్నీ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీదే. గుంటూరు మిర్చి యార్డు కమిషన్ వ్యాపారులకీ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతాం, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా, పట్టీలు (అమ్మకం బిల్లులు), రైతుకి ఎంత ఇచ్చారు ఎంత బాకీ, అంతా వీటిలోనే. డేటాబేస్ ఒకటి, దాని కాపీగా నడిచే రెప్లికా ఒకటి, వెబ్ రెండు, బ్యాకప్ ఒకటి.

వెబ్ రెండూ బ్యాకప్పూ కలిపి పావుగంట పట్టలేదు. ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ ఫెచ్, తర్వాత ఇన్‌స్టాల్, ఎస్‌ఎస్‌హెచ్‌డీ రీస్టార్ట్, అంతే, 13.3-రిలీజ్-పీ4 అయిపోయాయి. అదే ఊపులో డేటాబేస్ మీద కొడితే, ఇది రిలీజ్ కాదు, నా వల్ల కాదు, సోర్స్ నుంచి కట్టుకో పో అని మొహం మీదే చెప్పేసింది. వెర్షన్ చెప్పే యూనేమ్ కమాండ్ కొట్టి చూస్తే 13.2-స్టేబుల్. రెప్లికా కూడా అంతే.

మా పాత అడ్మిన్ అన్న పోయినేడాది ఈ రెండూ తనే కట్టి పెట్టి బెంగళూరు వెళ్ళిపోయాడు. ఫోన్ చేశా. "ప్రొడక్షన్ కదరా, అందుకే స్టేబుల్ పెట్టా" అన్నాడు. నేనైనా అదే పెట్టేవాణ్ణి, అబద్ధమెందుకు.

సరే, ముందు మంట ఆర్పాలి. ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో లాగిన్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే లాగిన్‌గ్రేస్‌టైమ్ సున్నా చేశా, అలా చేస్తే ఈ బొక్కలోంచి దూరలేరు గానీ ఎవడైనా ఊరికే కనెక్షన్లు తెరిచి పట్టుకుని కూర్చుంటే మనకే లాగిన్ దొరకదు, అందుకని పీఎఫ్ ఫైర్‌వాల్‌లో మా ఆఫీస్ ఐపీ తప్ప మిగతావన్నీ ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22 పోర్టుకి రాకుండా మూసేశా. తర్వాత గిట్ పుల్ (కొత్త సోర్స్ దించుకోవడం), బిల్డ్‌వరల్డ్ (దాన్నుంచి సిస్టమ్ మొత్తాన్నీ కంపైల్ చేయడం). నాలుగు కోర్ల పాత మెషీన్ అది, ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ని కూడా తనే కంపైల్ చేసుకుంటూ కూర్చుంటది, మూడున్నర గంటలు. ఆ తర్వాత కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ), రీబూట్, ఇన్‌స్టాల్‌వరల్డ్, మళ్ళీ రెప్లికాకి ఇదే భాగవతం. ఇంటికి వెళ్ళేసరికి తెల్లవారుజామున మూడున్నర.

జూలై 3, బుధవారం

నిన్న సార్ అడిగింది ఒకటే ప్రశ్న, "ఇదే ఫిబ్రవరిలో వచ్చుంటే?" ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకి సరుకు వరదలా వస్తది, ఆ టైంలో డేటాబేస్ అరగంట ఆగినా కాటాల దగ్గర లారీలు నిలబడిపోతాయి. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ డైరీ మొదలుపెట్టా, ఐదింటినీ ఒకే బ్రాంచ్ మీదకి తేవాలి, అది ఏ బ్రాంచో, ఎందుకో రాసి పెట్టాలి, రేపు నేను బెంగళూరు వెళ్ళిపోయినా వెనకాల వచ్చేవాడు నన్ను తిట్టుకోకుండా.

రెండు రోజులు డాక్యుమెంట్లు చదివాక నాకు అర్థమైంది రాస్తున్నా.

ఫ్రీబీఎస్‌డీలో కొత్త కోడ్ అంతా ముందు మెయిన్‌లో పడుతుంది, దాన్నే కరెంట్ అంటారు. అక్కడ కొన్నాళ్ళు నానిన మార్పుల్ని తీసి స్టేబుల్ బ్రాంచ్‌లో వేస్తారు, స్టేబుల్/13, స్టేబుల్/14 అని మేజర్ వెర్షన్‌కొకటి. ఆ స్టేబుల్‌లోంచి ఏదో ఒక రోజు కొమ్మ విరిచి విడిగా నాటి, బీటాలు ఆర్‌సీలు అనే పరీక్ష వెర్షన్లు అయ్యాక, 13.3-రిలీజ్, 14.1-రిలీజ్ అని పేరు పెట్టి వదులుతారు. ఆ కొమ్మకి ఆ తర్వాత పడేవి సెక్యూరిటీ ప్యాచ్‌లు, మరీ ముఖ్యమైన బగ్ ఫిక్స్‌లు, అంతే, పీ1, పీ2 అని లెక్క పెరుగుతుంది.

మరి స్టేబుల్‌లో స్టేబుల్ ఏంటి? లోపలి ఇంటర్‌ఫేస్. అంటే 13.0 మీద కంపైలైన ప్రోగ్రామ్ 13.3 మీద కూడా నడవాలి, ఏబీఐ (కంపైలైన ప్రోగ్రామ్‌కీ సిస్టమ్‌కీ మధ్య ఒప్పందం) కదలకూడదు, ఆ మాట వరకే గ్యారంటీ. సర్వర్ కదలకుండా నిలబడతదని ఎవరూ మాటివ్వలేదు, ఆ బ్రాంచ్‌లో రోజూ కొత్త కోడ్ పడుతూనే ఉంటది, డ్రైవర్లు మారతాయి, ఈరోజు ఉదయం తీసిన స్టేబుల్ సాయంత్రం తీసిన స్టేబుల్ ఒకటి కాదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అనబోయి ఆగా, ఎందుకంటే దిబ్బేం కాదు, వచ్చే రిలీజ్‌లో ఏముంటదో ముందే పరీక్షించుకునేవాళ్ళకి అది మంచి బ్రాంచే. మా అన్న దాన్ని తెచ్చి పట్టీల డేటాబేస్ కింద పెట్టాడు, తేడా అక్కడ.

ఈ గందరగోళానికి సగం కారణం డెబియన్ అనే లైనక్స్ అనుకుంటున్నా. డెబియన్‌లో స్టేబుల్ అంటే గడ్డకట్టింది అని, బుక్‌వార్మ్ 2023 జూన్‌లో వచ్చింది, అప్పట్నుంచి వెర్షన్లు దాదాపు అక్కడే, పడేవి ప్యాచ్‌లే. లైనక్స్‌లో చెయ్యి తిరిగినవాడు ఎవడైనా ఇటు వచ్చి స్టేబుల్ అన్న మాట చూస్తే అదే అర్థం తీసుకుంటాడు. డెబియన్ స్టేబుల్‌కి ఇక్కడ సరిసాటి రిలీజ్.

ఇంకో ముఖ్యమైన సంగతి, రెడీమేడ్ ప్యాచ్‌లు దిగేది రిలీజ్‌కే, స్టేబుల్‌కీ కరెంట్‌కీ ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ పనిచేయదు. సోమవారం రాత్రి నా నిద్ర పోయింది ఈ ఒక్క లైన్ వల్ల.

జూలై 6, శనివారం

శని ఆదివారాలు యార్డుకి సెలవు కాబట్టి మా పెద్ద పనులన్నీ శనివారానికే పెట్టుకుంటాం. ఈరోజు కూర్చుని మాట్లాడుకున్నాం, సార్, నేను, జూనియర్ కుర్రాడు.

సార్ ముందు అడిగింది, అందరూ ఉబుంటు వాడతారు కదా, ఈ వంకతో మనం కూడా మారిపోతే పోలా? పోదు సార్ అన్నా, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ స్నాప్‌షాట్ల మీద మన బ్యాకప్ మొత్తం కట్టుంది, జైల్స్‌లో (ఒకే మెషీన్‌లో విడివిడి గదుల్లాంటివి) ఆరు చిన్న సర్వీసులున్నాయి, అవన్నీ తిరగరాయాలంటే మళ్ళీ సీజన్ వచ్చేస్తది. పైగా లైనక్స్ వైపు వెళితే బ్రాంచ్ తలనొప్పి పోతుందా అంటే అదీ లేదు, సెంట్‌ఓఎస్ 7 మొన్న జూన్ 30నే చచ్చిపోయింది, దాన్ని నమ్ముకున్న మా ఫ్రెండ్స్ ఇద్దరు ఇప్పుడు ఆల్మానా, రాకీనా అని జుట్టు పీక్కుంటున్నారు, సెంట్‌ఓఎస్ స్ట్రీమ్ అన్న పేరు చూసి అదే పాత సెంట్‌ఓఎస్ అనుకున్నవాడు కూడా ఉన్నాడు వాళ్ళలో. అక్కడా పేరు తంటానే.

జూనియర్ వాదన వేరు. "నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు కరెంట్ మీదే నడుపుతారన్నా, మనం స్టేబుల్‌కే భయపడితే ఎలా" అన్నాడు. నిజమే, వీడియోలు పంపే వాళ్ళ బాక్సులన్నీ మెయిన్ బ్రాంచ్‌ని దగ్గరగా ఫాలో అవుతాయి, బగ్ పాతబడకముందే పట్టుకుంటే సరిచేయడం తేలిక అన్నది వాళ్ళ లెక్క, ఆ లెక్కలో తప్పేం లేదు. కానీ వాళ్ళ దగ్గర కెర్నెల్ రాసేవాళ్ళే జీతానికి ఉన్నారు, ఒక బాక్స్ పడిపోతే పక్క బాక్స్ నుంచి సినిమా వస్తది. మన దగ్గర కెర్నెల్ పానిక్ అయితే చూసేది నువ్వూ నేనూ, డేటాబేస్ ఒకటే. వాడు నవ్వి ఊరుకున్నాడు గానీ ప్రశ్న మంచిది, బ్రాంచ్ అనేది అది విరిగినప్పుడు అతికించే చేతులెన్ని ఉన్నాయో చూసి ఎంచుకునేది అని నాకు అప్పుడే తట్టింది.

రిలీజ్ అని తేలిపోయింది, ఇక 13లోనా 14లోనా? 13.3లోనే ఉండిపోతే పని తక్కువ. కానీ 13 బ్రాంచ్ మొత్తానికి 2026 ఏప్రిల్ 30 ఆఖరు, అది సీజన్ ఆఖర్లో వచ్చి పడుతుంది, 14కి 2028 నవంబర్ 30 దాకా ఉంది. ఇంకోటి, 13లో ఉన్న ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1, దాన్ని రాసేవాళ్ళే 2023 సెప్టెంబర్‌లో ఆపేశారు, ఇప్పుడు ఫ్రీబీఎస్‌డీ వాళ్ళు తమ తంటాలు తాము పడి ప్యాచ్ చేస్తున్నారు. 14లో 3.0 ఉంది.

14.0 వచ్చినప్పుడు, పోయిన నవంబర్‌లో, నేను భయపడ్డ మాట నిజం. వచ్చిన రెండు వారాల్లోపే జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఫైళ్ళు పాడైపోతున్నాయన్న గోల మొదలైంది, కాపీ చేసిన ఫైల్ మధ్యలో సున్నాలు కనిపించడం. అందరూ కొత్తగా వచ్చిన బ్లాక్ క్లోనింగ్‌ని తిట్టారు, తీరా చూస్తే అది ఎప్పట్నుంచో ఉన్న పాత బగ్గే, కొత్త ఫీచర్ దాన్ని బయటికి లాగింది అంతే, 13కి కూడా ప్యాచ్ వదలాల్సొచ్చింది. సున్నా వెర్షన్ వద్దు అనేవాళ్ళ మాట పూర్తిగా రైటూ కాదు పూర్తిగా తప్పూ కాదు. ఏమైనా ఇప్పుడు 14.1 వచ్చి నెల దాటింది, దాంట్లోకే వెళ్తున్నాం.

జూలై 20, శనివారం

బ్యాకప్ మెషీన్‌తో మొదలుపెట్టాం, చెడినా ఎవరూ అరవరు కాబట్టి. 13.3 నుంచి 14.1కి.

పని పెద్ద కష్టం కాదు గానీ చిరాకు. మధ్యలో ఈటీసీ కింద ఉన్న కాన్ఫిగ్ ఫైళ్ళని కలపాలి కదా, ఒక్కో ఫైల్ తెరిచి ఈ మార్పు బాగుందా అని అడుగుతుంది, చూస్తే మార్పు ఏమీ లేదు, పైన డాలర్ గుర్తుల మధ్య ఫ్రీబీఎస్‌డీ అని ఒక కామెంట్ లైన్ ఉండేది, 14లో ఆ లైన్లన్నీ పీకేశారు, ఆ ఒక్క లైన్ పోయినందుకు ఇంతమందికి పంచాయితీ. అవును, అవును, అవును అని కొట్టీ కొట్టీ వేలు నొప్పి పుట్టింది, అలా కళ్ళు మూసుకుని కొడుతున్నప్పుడే నిజమైన తేడా ఉన్న ఫైల్ జారిపోయేది, నాకు ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ దగ్గర కొంచెంలో తప్పింది. ముందే ఈటీసీ మొత్తం కాపీ తీసి పెట్టుకోవడం మంచిది, తర్వాత డిఫ్ చూసుకోవచ్చు.

జూనియర్ డిస్కుల పూల్ ఎలా ఉందో చెప్పే జెడ్‌పూల్ స్టేటస్ కొట్టి, "అన్నా, కొన్ని కొత్త ఫీచర్లు ఆన్ కాలేదు, జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ కొట్టమంటోంది, కొట్టనా?" అన్నాడు. చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేశా. పూల్‌ని అప్‌గ్రేడ్ చేశాక వెనక్కి తీసుకోలేం, కొత్త ఫీచర్లు ఆన్ అయిన పూల్‌ని పాత కెర్నెల్ తెరవలేకపోవచ్చు, బూట్‌లోడర్ మార్చకుండా రూట్ పూల్ మీద కొడితే మెషీనే లేవకపోవచ్చు. వెనక్కి పోయే దారి ఉంచుకోవాలంటే ఆ మెసేజ్‌ని అలా పడి ఉండనివ్వాలి, కనీసం ఒక నెల. మానిటర్‌కి పసుపు కాగితం అంటించా: పూల్ ముట్టుకోవద్దు.

ఆగస్టు 3, శనివారం

ఈరోజు బుద్ధొచ్చింది.

వెబ్ రెండోదాన్ని జూనియర్‌కి అప్పజెప్పా, నేను పక్కన కూర్చుని మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌ని మార్చే ప్లాన్ రాసుకుంటున్నా. మేజర్ వెర్షన్ మారేటప్పుడు ఇన్‌స్టాల్ అన్న కమాండ్‌ని మూడుసార్లు కొట్టాలి, మొదటిసారి కెర్నెల్, రీబూట్, రెండోసారి మిగతా సిస్టమ్, మూడోసారి కొడితే పాత లైబ్రరీలని తీసేస్తుంది. రెండోదానికీ మూడోదానికీ మధ్యలో ప్యాకేజీలన్నీ 14కి కట్టినవి మళ్ళీ దించుకోవాలి. మనవాడు ఆ మధ్యది మర్చిపోయి టకటకా మూడోది కొట్టేశాడు.

వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎన్‌జింక్స్ లేవలేదు, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 111 దొరకలేదంట. పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ నంబరు అది, 14లో ఉన్నది 30. పీహెచ్‌పీ లేవలేదు. సరే ప్యాకేజీలు దించుదామంటే పీకేజీ కమాండే అదే ఏడుపు ఏడ్చింది, దానికీ ఆ లైబ్రరీయే కావాలి. వాడి మొహంలో రక్తం లేదు పాపం.

ఇక్కడ రెండు దార్లున్నాయి. పీకేజీ-స్టాటిక్ అని ఒకటుంటది, దానికి ఏ లైబ్రరీ అక్కర్లేదు, అన్నీ దాని కడుపులోనే, దాంతో అన్ని ప్యాకేజీలని బలవంతంగా మళ్ళీ దించుకుంటే సరిపోతుంది. రెండోది బెక్టిల్. రూట్ జెడ్‌ఎఫ్‌ఎస్ మీద ఉంటే అప్‌డేట్ చేసేముందు సిస్టమ్ మొత్తాన్నీ ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్‌గా దాచిపెట్టుకోవచ్చు, ఇప్పుడు ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ తనంతట తనే ఒకటి తీసి పెడుతోంది కూడా. మొదటి దారితో పది నిమిషాల్లో బయటపడొచ్చు, కానీ నేను కావాలనే రెండోది పట్టా, ఎందుకంటే నిజంగా అవసరం పడ్డ రోజున ఇది పనిచేస్తుందో లేదో ఇప్పుడే తెలియాలి. బెక్టిల్ యాక్టివేట్, రీబూట్, నాలుగు నిమిషాల్లో మళ్ళీ 13.3, ఎన్‌జింక్స్ హాయిగా లేచింది. జూనియర్ నీళ్ళు తాగాడు. మళ్ళీ మొదట్నుంచి చేయించా, ఈసారి వరుస కాగితం మీద రాసుకుని, ఒక్కో లైనూ కొట్టేస్తూ.

పూల్ అప్‌గ్రేడ్ చేసుంటే ఈ వెనక్కి దారి ఉండేదో లేదో, ఆ కాగితం ఎందుకు అంటించానో వాడికి నేను చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

ఆగస్టు 8, గురువారం

మళ్ళీ ఎస్‌ఎస్‌హెచ్. జూలై బొక్కకి చుట్టమే, కాకపోతే ఈసారి ఫ్రీబీఎస్‌డీ వాళ్ళు సొంతంగా కలిపిన బ్లాక్‌లిస్ట్‌డీ (తప్పుడు లాగిన్లని అడ్డుకునేది) కోడ్ వల్ల, సీవీఈ-2024-7589. మారిన మూడు మెషీన్లు టీ చల్లారేలోపు 14.1-రిలీజ్-పీ3. డేటాబేస్, రెప్లికా ఇంకా పాత స్టేబుల్ మీదే, మళ్ళీ బిల్డ్‌వరల్డ్, మళ్ళీ అర్ధరాత్రి. సార్‌కి వేరే రిపోర్ట్ రాయక్కర్లేకుండా పోయింది, రెండు రకాల మెషీన్లకీ ఎంత టైం పట్టిందో పక్కపక్కన రాసి పంపా, చాలు.

ఆగస్టు 17, శనివారం

స్టేబుల్‌లో ఉన్న రెండింటిని రిలీజ్‌కి ఎలా తేవాలి అన్నది చాలా తిప్పి తిప్పి ఆలోచించా. ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ రానే రాదు. 14.1 సోర్స్ తీసి మళ్ళీ కంపైల్ చేస్తే 14.1 అవుతుంది, అక్కడ్నుంచి మామూలు ప్యాచ్‌లకి కూడా దారి దొరుకుతుంది, కానీ మా అన్న ఆ మెషీన్‌లో ఏమేం మార్చాడో ఎవరికీ తెలియదు, కెర్నెల్ కాన్ఫిగ్‌లో ఏవో తీసేసి ఉన్నాయి, ఎందుకు తీశాడో ఆయనకే గుర్తులేదు. అందుకని కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే. ఇల్లు బాగుచేసేటప్పుడు గోడలో పాత వైరింగ్ ఎటు పోతుందో తెలియకపోతే కొత్త వైరు లాగేస్తాం చూడండి, అలా.

ముందు రెప్లికాని తుడిచేసి 14.1 వేశాం. పోస్ట్‌గ్రెస్‌ని మామూలు రెప్లికేషన్‌తో ఎక్కించొచ్చు, వెర్షన్ ఒకటే కాబట్టి నడుస్తుంది కూడా. కానీ అక్షరాల వరుసక్రమం ఓఎస్ ఇస్తుంది, పోస్ట్‌గ్రెస్ కాదు. ఓఎస్ మేజర్ వెర్షన్ మారినప్పుడు ఆ వరుస ఒక్క చోట మారినా, పాత వరుసలో కట్టిన ఇండెక్స్ కొత్త మెషీన్ మీద తప్పు జవాబు చెబుతుంది, ఎర్రర్ కూడా రాదు, రైతు పేరు కొడితే లేడంటుంది అంతే. లైనక్స్‌లో గ్లిబ్‌సీ 2.28 వచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగి చాలామంది చేతులు కాల్చుకున్నారు. ఫ్రీబీఎస్‌డీ 13కీ 14కీ మధ్య అలాంటిది ఉందా లేదా అని తవ్వుతూ కూర్చునే బదులు డంప్ తీసి (డేటా మొత్తాన్నీ ఫైల్‌లోకి తీసి) రీస్టోర్ చేస్తే ఇండెక్సులన్నీ కొత్తగా కట్టుకుంటాయి, గొడవే లేదు. మాది 40 జీబీ డేటాబేస్, రిహార్సల్‌లో డంప్, రీస్టోర్ కలిపి గంటా పది నిమిషాలు పట్టింది. శనివారం రాత్రి అయితే ఎవరికీ తెలియదు కూడా.

లాజికల్ రెప్లికేషన్ పెడితే ఆ గంట కూడా ఆగక్కర్లేదు అని జూనియర్ అన్నాడు. ఆగడానికి మనకి టైం ఉన్నప్పుడు తెలివితేటలు చూపించకూడదు అన్నా.

సెప్టెంబర్ 1, ఆదివారం

నిన్న రాత్రి డేటాబేస్ మార్చాలి. మార్చలేదు. రెండ్రోజుల నుంచి ఒకటే వాన, కరెంటు వస్తూ పోతూ ఉంది, ఇలాంటప్పుడు డిస్కుల మీద చెయ్యేస్తానా. పొద్దున తెలిసింది విజయవాడలో బుడమేరు పొంగిందని, మా జూనియర్ వాళ్ళిల్లు సింగ్ నగర్‌లో, శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్ళినవాడు మేడ మీద చిక్కుకుపోయాడు, ఫోన్ ఛార్జింగ్ 12 శాతం ఉందని మెసేజ్ పెట్టాడు, అంతే, తర్వాత ఆన్సర్ లేదు. సర్వర్ల సంగతి తర్వాత.

సెప్టెంబర్ 14, శనివారం

జూనియర్ బుధవారం వచ్చాడు, బండి పోయింది, ఇంట్లో సామాను పోయింది, మనిషి బానే ఉన్నాడు. ఇంకో వారం తీసుకోరా అంటే ఇంట్లో బురద కడిగే బదులు ఇక్కడే నయం అన్నాడు.

రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాం. అప్లికేషన్‌ని మెయింటెనెన్స్ పేజీ మీద పెట్టి, చివరి డంప్, కొత్త మెషీన్‌లో రీస్టోర్, టేబుల్ వారీగా వరుసల లెక్క, ఈ సీజన్ పట్టీల మొత్తం రూపాయల్లో అక్కడా ఇక్కడా ఒకటేనా అని చూసుకోవడం, వెబ్ మెషీన్లని కొత్త అడ్రస్‌కి తిప్పడం. 10:50కి అయిపోయింది. పాతదాన్ని ఒక వారం అలాగే కదపకుండా ఉంచి తర్వాత తుడిచి రెప్లికా చేస్తాం, ఆ వారం రెప్లికా ఉండదు కాబట్టి వాల్ ఫైళ్ళని (పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునీ ముందు రాసుకునే లాగ్) ప్రతి ఐదు నిమిషాలకీ బ్యాకప్ మెషీన్‌కి పంపేట్టు పెట్టా. అది కాస్త గుండె దడే, రాసి పెడుతున్నా.

అక్టోబర్ 1, మంగళవారం

ఐదూ ఒకే బ్రాంచ్ మీదకి వచ్చాయి కదా, డైరీ మూసేద్దాం అనుకుంటున్నా, ఈరోజు ఇంకో బ్రాంచ్ ఉందని గుర్తుచేసింది.

ఫ్రీబీఎస్‌డీలో ఓఎస్ వేరు, ప్యాకేజీలు వేరు. ఎన్‌జింక్స్, పీహెచ్‌పీ, పోస్ట్‌గ్రెస్ ఇవన్నీ పోర్ట్స్ నుంచి వస్తాయి, దానికి తన బ్రాంచ్‌లు తనకున్నాయి, లేటెస్ట్ ఒకటి, క్వార్టర్లీ ఒకటి. రిలీజ్ మీద మామూలుగా ఉండేది క్వార్టర్లీ. దాని పేరు చూసి కూడా నేను ఒక అర్థం తీసుకున్నా, మూడు నెలలు మారదు, ప్యాచ్‌లే వస్తాయి, బాగుంది అని. ఆ మూడు నెలలు నిజమే. నాలుగో నెల మొదట్లో ఏమవుతుంది అని ఆలోచించలేదు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ మొదట్లో పోర్ట్స్ నుంచి కొత్త క్వార్టర్ కొమ్మ తీస్తారు, మన కాన్ఫిగ్‌లో క్వార్టర్లీ అన్న ఒకే పేరు ఉంటది, ఆ పేరు కొద్ది రోజుల్లో తనంతట తానే కొత్త కొమ్మ వైపు తిరిగిపోతుంది, పాత కొమ్మకి ఇక ప్యాచ్‌లు రావు. అంటే మూడు నెలల మార్పులు ఒకేసారి నెత్తిన పడతాయి, మనం సిద్ధంగా ఉన్నా లేకపోయినా. పోయిన జూలైలో ఆ ఎస్‌ఎస్‌హెచ్ గోలలో పడి ఇది గమనించలేదు, ఇప్పుడు లెక్కేస్తే ఏప్రిల్ మొదటి వారం అంటే యార్డులో సరుకు కొండలా ఉండే టైం.

పోనీ పీకేజీ అప్‌గ్రేడ్ కొట్టకుండా ఉండొచ్చు కదా? ఉండొచ్చు, ఎన్‌జింక్స్‌లో ఏదో బొక్క పడేదాకా. ఆ రోజు ఒక్క ఎన్‌జింక్స్ కోసం కొడితే దాని వెనకాల ఇంకో ముప్పై లాక్కొస్తుంది.

అక్టోబర్ 19, శనివారం

దసరా సెలవుల్లో ఇంట్లో కూర్చుని పూద్రియేర్ నేర్చుకున్నా. మనకి కావాల్సిన ప్యాకేజీలని మనమే విడి జైల్‌లో కట్టుకుని సొంత రిపోజిటరీ పెట్టుకునే పనిముట్టు అది. బ్యాకప్ మెషీన్ పగలంతా ఖాళీయే, దాని మీదే పెట్టా. క్వార్టర్లీ కొమ్మనే తీసుకుంటాం, కానీ 2024క్యూ4 (నాలుగో క్వార్టర్) అని పేరు గట్టిగా రాసి, ఇంకో క్వార్టర్‌కి వెళ్ళేది నేను చేత్తో మార్చినప్పుడే.

మొదటి రాత్రి పొద్దునొచ్చి చూస్తే ఇంకా రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష కంపైల్ అవుతూనే ఉంది. మేం రస్ట్ ఎందుకు వాడతాం? వాడం, ఏదో పైథాన్ మాడ్యూల్‌కి కావాలంట. తర్వాత తెలిసింది, బల్క్ కమాండ్‌కి మైనస్ బీ అని పెట్టి క్వార్టర్లీ అంటే, అధికారిక రిపోజిటరీలో ఉన్నదున్నట్టు సరిపోయే ప్యాకేజీలని దించుకుని, మనం ఆప్షన్లు మార్చినవి మాత్రమే కంపైల్ చేస్తుంది. రాత్రంతా పట్టేది నలభై నిమిషాలకి దిగింది.

వరుస ఇలా పెట్టుకున్నాం: కట్టింది ముందు బ్యాకప్ మెషీన్, వారం తర్వాత వెబ్ రెండోది, తర్వాత వెబ్ ఒకటి, రెప్లికా, చివర్న డేటాబేస్. బొక్కలున్న ప్యాకేజీలని చెప్పే పీకేజీ ఆడిట్ రోజూ పొద్దున ఈమెయిల్ పంపుతుంది, అందులో మేం వాడే దాని పేరు కనిపిస్తే వారం ఆగం, ఆ రోజే. సీజన్‌లో క్వార్టర్ మార్పు ఉండదు అనుకున్నాం గానీ అది పూర్తిగా కుదరదు, జనవరి క్వార్టర్‌ని జనవరిలోనే ఎక్కించేస్తాం, ఏప్రిల్‌లో పాత కొమ్మకి ప్యాచ్‌లు ఆగాక మే సెలవుల దాకా ఆ ఐదారు వారాలు బొక్క పడినవాటి ప్యాచ్‌ని కొత్త కొమ్మలోంచి ఒక్కోటి ఏరి తెచ్చుకుని కట్టాలి. ఆ పని నాది, నాకు ఇష్టం లేదు, ఇంతకన్నా మంచి దారి కూడా కనిపించలేదు.

డిసెంబర్ 4, బుధవారం

14.2 వచ్చింది నిన్న. జూనియర్ పొద్దున్నే చెప్పాడు, "ఈసారి ఆగుదామా అన్నా, 14.1 బానే ఉంది కదా" అని. జూలైలో కరెంట్ పెడదామన్నవాడు వీడే.

ఆగడానికి లేదు. కొత్త పాయింట్ రిలీజ్ వచ్చిన మూడు నెలలకి పాతదానికి ప్యాచ్‌లు ఆపేస్తారు, 14.1కి ఆఖరు 2025 మార్చి 31. 2028 దాకా అని నేను జూలైలో సార్‌కి చెప్పింది 14 అనే బ్రాంచ్ మొత్తానికి, దాని లోపల ప్రతి ఆరునెలలకో మెట్టు ఎక్కుతూ ఉంటేనే ఆ తేదీ మనది. అప్పుడు ఈ సంగతి గట్టిగా చెప్పలేదు, ఈరోజు చెప్పా, ఆయన క్యాలెండర్ తీసి "మార్చి అంటే కుదరదు, సంక్రాంతి లోపు కానిచ్చేయండి" అన్నాడు. పాయింట్ రిలీజ్ కాబట్టి మేజర్ మార్పంత తంటా ఉండదు, లైబ్రరీ నంబర్లు కదలవు, స్టేబుల్ బ్రాంచ్ ఇచ్చిన ఆ ఏబీఐ మాట నిజంగా మనకి పనికొచ్చేది ఇక్కడే.

డిసెంబర్ 14, శనివారం

బ్యాకప్ మెషీన్ 14.2 అయింది, రెండు రీబూట్లతో కలిపి ఇరవై ఐదు నిమిషాలు. పూద్రియేర్ జైల్ మాత్రం ఇంకా 14.1లోనే ఉంచా, పాతదాని మీద కట్టిన ప్యాకేజీ కొత్తదాని మీద నడుస్తుంది, తిరగేస్తే నమ్మకం లేదు, కాబట్టి ఐదూ మారాకే జైల్ మారుతుంది.

జనవరి 4న వెబ్ రెండోది, 5న ఆదివారం వెబ్ ఒకటి, 11న రెప్లికా, డేటాబేస్. జూనియర్ చెక్‌లిస్ట్ ప్రింట్ తీసి గోడకి అంటించాడు, మూడో లైన్‌కి ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసి ఉన్నాయి. పసుపు కాగితం జిగురు పోయి కింద పడితే తీసి మళ్ళీ టేపుతో అతికించింది కూడా వాడే.